రెండో పొరలో మాటలు

రోజూ పొద్దున్నే తోడికోడళ్లిద్దరూ కలిసే వాతావరణ కేంద్రానికి వచ్చేవాళ్లు. చిన్నామె రబ్బరు బెలూన్ని గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి మెత్తబరిచేది. పెద్దామె దానికి గ్యాసు పట్టేది. కింద పరికరం కట్టి ఆకాశంలోకి వదిలి, ఇద్దరూ గదిలోకొచ్చి రేడియో ముందు కూర్చునేవాళ్లు.

మొదటి పొరలో గాలి, తేమ, మబ్బులు. ఊళ్లో జనం వాగిన వాగుడంతా అక్కడే తిరిగి తిరిగి వానతోపాటు కిందికి దిగిపోతుంది. దానిపైన రెండో పొరలో వానా లేదు, మబ్బూ లేదు. మనుషులు పైకి అనకుండా మింగేసిన మాటలు అక్కడ చేరి, ఏళ్ల తరబడి కదలకుండా ఉంటాయి. బెలూను వాటి మధ్యనుంచి వెళ్తుంటే రేడియోలో వినిపిస్తాయి. ఎవరి గొంతో పోల్చుకుని నవ్వుకోవడం, ఉష్ణోగ్రత రాసుకోవడం వీళ్ల పని.

చిన్నామెని ఈ పనిలో పెట్టించింది పెద్దామే. ఏడాది తిరక్కుండా ఆఫీసరు ఏది కావాలన్నా చిన్నామెనే పిలవడం మొదలుపెట్టాడు. 'ఇది పోతే పీడ విరగడవుతుంది' అనుకుంది పెద్దామె ఓరోజు, లోలోపలే. మరుక్షణం గుండె గుభేలుమంది. మింగిన మాట ఎక్కడికి పోతుందో ఆవిడకి ఒకరు చెప్పాలా?

మర్నాటినుంచి గ్యాసు కాస్త ఎక్కువ పట్టింది. ఉబ్బిపోయిన బెలూను రెండో పొర చేరకముందే పగిలేది. రోజూ అదే వరస.

"నానబెట్టడం కూడా చేతకాదా నీకు? ఇవాళ కూడా పగిలితే రేపట్నుంచి రావద్దు" అన్నాడు ఆఫీసరు చిన్నామెతో.

కోరుకున్నదే జరగబోతోంది. ఎగిరి గంతెయ్యాల్సిన పెద్దామె, బెలూను నానుతున్న నీళ్ల దగ్గరికి నడిచింది.

"నీళ్లు సరిగ్గానే కాచావుటే?" అంది, సిగ్గు లేకుండా.

"వేలు పెట్టి చూడక్కా."

పెట్టి చూసింది. ఉండాల్సినంత వెచ్చగానే ఉన్నాయి. ఆవేళ గ్యాసు ఎక్కడ ఆపాలో అక్కడే ఆపింది.

ఆఫీసరు వచ్చి వాళ్ల వెనకే నిలబడ్డాడు. బెలూను మబ్బులు దాటింది. పగల్లేదు. రేడియో గరగరలాడి, పెద్దామె గొంతుతో అంది: "ఇది పోతే పీడ విరగడవుతుంది."

పెద్దామె తల వంచేసుకుంది. చిన్నామె ఉష్ణోగ్రత రాసుకుంది.

ఇంకాస్త పైనుంచి ఈసారి చిన్నామె గొంతు: "గ్యాసు ఎక్కువ పడుతున్నది అక్కే. చెబితే అక్క పని పోతుంది. పోనీలే, నన్నే అననీ."

"ఏమ్మా, నిజమేనా?" అన్నాడు ఆఫీసరు.

"అంత పైన చలికి పరికరం ఒక్కోసారి తప్పు చూపిస్తుంది సార్" అంది చిన్నామె, కాయితంమీంచి తలెత్తకుండా.

నాలుగు తిట్టినా బావుండేది. పెద్దామె లేచి నిలబడింది.

"పరికరం బాగానే ఉంది సార్. రేపట్నుంచి రావద్దన్న మాట మీరు చెప్పాల్సింది నాకు."

చిన్నామె చెయ్యి పట్టుకుని లాగింది, కూర్చోమని. ఆవిడ కూర్చోలేదు.