నన్నొక్కదాన్నే అడగలేదు

హజ్‌కి వెళ్ళే మనిషి ఉన్న ఇంట్లో టీ గిన్నె పొయ్యి దిగదు. రాజమండ్రిలో మాకు తెలిసినవాళ్ళంతా పది రోజుల పాటు వస్తూనే ఉన్నారు, మా ఆయన సిలార్ సాహెబ్ చేతులు పట్టుకుని "మా కోసం దువా చెయ్యండి" అంటూనే ఉన్నారు. నేను కప్పులు కడుగుతూనే ఉన్నాను. ఒక్కళ్ళన్నా వంటింట్లోకి తొంగిచూసి "నువ్వెళ్ళడం లేదేంటమ్మా?" అనలేదు.

నేనూ వెళ్ళాల్సిందే. పాస్‌పోర్టు కూడా వచ్చింది. దాని కోసం స్టూడియోకి వెళ్ళి ఫోటో దిగాను. నలభై రెండేళ్ళ బతుకులో నేనొక్కదాన్నే ఉన్న ఫోటో అదొక్కటే. ఆ నెలలోనే అత్తగారికి పక్షవాతం వచ్చింది. ఫారం పంపే రోజు ఆయన నా పేరున్న కాగితం చింపేసి, భర్త పోయిన వాళ్ళక్క మహబూబీ పేరుతో ఇంకోటి రాశారు. "మగతోడు లేకుండా అక్క వెళ్ళకూడదు కదా. నేను తప్ప దానికెవరున్నారు? నీదేముంది, తర్వాత చూద్దాంలే" అన్నారు. కన్నతల్లి దగ్గర ఆ నలభై రోజులూ వదినే కూర్చోవచ్చు కదా అని ఒకే ఒక్కసారి అన్నాను. "హజ్‌కి వెళ్దామనుకునే ఆడది మాట్లాడే మాటేనా ఇది?" అని కంచం తోసేసి లేచారు. ఆ మెతుకులు ఎత్తింది కూడా నేనే.

తర్వాత మౌల్వీ గారొచ్చి, అల్లా పట్ల చేసిన తప్పులు అల్లా మన్నిస్తాడు గానీ మనుషులకి చేసినవి ఆ మనుషులే మన్నించాలని చెప్పారు. ఇక చూడాలి ఈయన హడావుడి! మాఫ్ చెయ్యండి, మన్నించండి అంటూ స్కూటరేసుకుని ఊరంతా తిరిగారు. గోడ కోసం పదేళ్ళు దెబ్బలాడిన పక్కింటి శ్యామలాంబ గారికి చేతులు జోడించారు. మా కొట్లో పన్లోంచి తీసేసిన వెంకన్నని వెతుక్కుంటూ ధవళేశ్వరం దాకా పోయారు. ఇవాళ నా వంతు, ఇవాళ నా వంతు అని నేను ఎదురుచూశాను. బయల్దేరే రోజు స్టేషన్లో, ఈయన మెళ్ళో దండలతో నిలబడ్డప్పుడు ఎవరో "ఇంటావిడని అడిగారా మరి?" అన్నారు. "ఇంటి మనిషిని అడిగేదేంటండీ! అది ఎప్పుడో మాఫ్ చేసేసుంటుంది" అన్నారీయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అది తల్చుకుంటేనే నా మీద నాకు ఒళ్ళు మండుతుంది.

నెల దాటింది. ఒక పొద్దున అత్తగారి పక్కబట్టలు ఉతుకుతుంటే గోడ అవతల నుంచి శ్యామలాంబ గారి కేక. "జాన్‌బీ! రామ్మా, మీ వారు, మక్కా నుంచి ఫోను!" సబ్బు చేతులతోనే పరిగెత్తాను.

"రేపు అరఫాత్ మైదానంలో నిలబడాలే, హజ్‌కి అసలు రోజు" అన్నారాయన, జనం గోలలోంచి అరుస్తూ. "ఇక్కడి మౌల్వీ గారూ అదే చెప్పారు, మనుషులకి చేసినవి మనుషులే మన్నించాలని. నిన్నొక్కదాన్నే అడగలేదు. మాఫ్ చేశానని చెప్పు. తొందరగా, వెనక లైనుంది."

ఆ చింపిన కాగితం సంగతి ఒక్కటి తన నోటితో అంటే చాలు, నిజంగానే మన్నించేద్దును.

"ఏం మాఫ్ చెయ్యాలండీ?"

"అదేం ప్రశ్నే? ఏవో ఉంటాయిగా. అన్నీ!"

"ఒక్కటి చెప్పండి."

"నాకేం గుర్తుంటాయి! చేశానని అనేయ్, అయిపోద్ది."

గుర్తే లేదు. ఇన్నేళ్ళూ ఒక్కొక్కటీ దాచుకుని కుమిలింది నేనొక్కదాన్నేనన్నమాట.

"తర్వాత చూద్దాంలెండి" అని ఫోన్ పెట్టేశాను.

"ఏమన్నారమ్మా?" అని శ్యామలాంబ గారు ఆత్రంగా అడిగారు.

"మీ అందరి కోసం దువా చేస్తారటండి."

ఆయన మాట ఆయనకే అప్పజెప్పగలిగినందుకు సంతోషమెయ్యాలి కదా. వెయ్యలేదు. ఆయన హాజీ గారై వస్తారు, చూడ్డానికి ఊరంతా వస్తుంది, మళ్ళీ టీ గిన్నె నేనే పొయ్యెక్కించాలి. వాళ్ళు మైదానంలో నిలబడే ఆ అరఫా రోజు నేనిక్కడ ఉపవాసం ఉన్నాను. అత్తగారి ఒళ్ళు తుడిచి, పక్క మార్చి, సాయంత్రం ఆవిడ మంచం పక్కనే చాప పరుచుకున్నాను. ఆ వేళ ఏది అడిగినా దొరుకుతుందంటారు. చేతులెత్తాను. ఆయన కోసం నోరు రాలేదు, పోనీ. నా కోసం ఏమడగను? మొన్నటిదాకా అయితే మక్కా అడిగేదాన్ని. ఇప్పుడు అదీ వద్దనిపించింది.