గోడవార గడ్డి

పంపుగదిలో నిలబడ్డ కత్తెరమ్మకు చెమట కళ్లలోకి కారుతోంది. తుడుచుకుందామని చెయ్యెత్తితే మోచెయ్యి మోటారుకు తగిలి చురుక్కుమంది. కూర్చోవడానికి జాగా లేదు. ఒకపక్క మోటారు, ఒకపక్క పైపులు, మధ్యలో ఆమె, ఆమె చేతిలో మూరెడు కత్తెర. తలుపుకు లోపలి నుంచి గడియ ఉంది. ఆ గడియ పెట్టింది ఎవరో కాదు, ఆమే. ఇంటాయన పెట్టుకోమన్నాడు, పెట్టుకుంది.

రోజూ అయితే ఈ బాధ లేదు. వీధి నిద్ర లేవకముందే వచ్చి, పని ముగించి, పాలవాడు వచ్చే వేళకు గేటు దాటేస్తుంది. రాత్రి వాన పడటంతో గడ్డి బరువెక్కి వాలిపోయింది. పైగా ఇవాళ బేరాలొస్తున్నాయి, ఇంకాస్త నున్నగా ఉండాలని ఇంటాయన పురమాయించాడు. ఆమె ఇంకా గోడవార గొంతుక్కూర్చుని ఉండగానే గేటు దగ్గర కారు ఆగింది. రావలసిన వేళకంటే గంట ముందే వచ్చేశారు మహానుభావులు. ఇంటాయన పరుగెత్తుకొచ్చి ఆమెను రెక్కపట్టి ఈ గదిలోకి తోశాడు.

"ఎంతసేపు సార్?" అని అడిగింది.

"వాళ్లు వెళ్లేదాకా. దగ్గొచ్చినా దగ్గకు," అన్నాడు.

అప్పటినుంచీ ఆమె దాహం ఆపుకుంటోంది, దగ్గు ఆపుకుంటోంది, ఆడమనిషి ఆపుకోవలసినవన్నీ ఆపుకుంటోంది.

ఇంటాయనది పెద్ద బజారులో మిషన్ల కొట్టు. గడ్డి దానంతటదే కోసే కరెంటు రోబోలు అమ్ముతాడు. ఇంటిముందు లాన్ ఆయనకు కొట్టుకంటే ముఖ్యం. కొనేవాళ్లను అక్కడికే తీసుకొచ్చి చూపిస్తాడు. ఆ రోబో తాబేలంత ఉంటుంది, తాబేలులాగే తిరుగుతుంది. చప్పుడు లేదు, పొగ లేదు. ఛార్జింగ్ అయిపోతే తనంతట తనే గూటికి వెళ్లి ఆనుకుంటుంది. ఆ గూటికి వాన తడపకుండా, ఎండ కొట్టకుండా రేకు పైకప్పు కూడా వేయించాడు.

అన్నీ బాగానే ఉన్నాయి గానీ, తాబేలు గోడ దగ్గరికి రాదు. గోడవార జానెడు గడ్డి వదిలేస్తుంది. చెట్ల మొదళ్ల చుట్టూ వదిలేస్తుంది. నాలుగు రోజులయ్యేసరికి లాన్ అంతా శుభ్రంగా గీసి, చెంపలు మాత్రం మరిచిపోయిన గడ్డంలా తయారవుతుంది. మొదట్లో వచ్చిన బేరాలు అది చూసి పెదవి విరిచి వెళ్లిపోయాయి.

అంతకుముందు ఆ లాన్ మొత్తం కత్తెరమ్మే చూసేది. నెలకు ఆరువేలు. తాబేలు వచ్చిన రోజున ఇక రావద్దన్నారు. వారం తిరక్కుండా మళ్లీ కబురు పెట్టారు. "పని సగమే కదా, జీతమూ సగమే" అన్నాడు ఇంటాయన. లెక్క చక్కగానే ఉంది. నిలబడి చేసే సగం తాబేలు పట్టుకుపోయింది, గొంతుక్కూర్చుని చేసే సగం ఆమెకు మిగిలింది. ఇంకో షరతు కూడా పెట్టాడు. ఆమె కోస్తున్నట్టు పురుగుకు కూడా తెలియకూడదు. తెలిసిన రోజే ఆఖరి రోజు. సొమ్మొకడిది, సోకొకడిది అంటారు. ఇక్కడ నడుం నొప్పి ఆమెది, పేరు తాబేలుది.

ఈ సంగతి ఆమె వదినకు కూడా చెప్పలేదు. వదినంటే చనిపోయిన భర్తకు అక్క. తమ్ముడు పోయాక మరదల్ని ఏడుస్తూ కూర్చోనివ్వక, చేతిలో కత్తెర పెట్టి, ఇళ్లవెంట తిప్పి, గడ్డి ఎక్కడ పట్టాలో ఎక్కడ వదలాలో నేర్పిన మనిషి. వదిన పనిచేసే ఇళ్లు మూడుండేవి. రెండిళ్లవాళ్లు తాబేళ్లు కొనుక్కున్నారు. ఇప్పుడు లాయరమ్మగారి ఇల్లొక్కటే మిగిలింది. మంచం దిగలేని మొగుడి మందులన్నీ ఆ ఒక్క ఇంటి మీదే నడుస్తున్నాయి.

ఆ లాయరమ్మగారు ఆర్నెల్లుగా వదినను ఒకటే సాధింపు. "ఆ మిషన్ల ఆయన ఇంటి అంచులు చూడు, గీత గీసినట్టుంటాయి. నువ్వూ కోస్తున్నావు, దేనికి?" అని. వదిన ఆ గీతను అందుకోవాలని పొద్దు గుంకేదాకా వంగి వంగి కోసేది. మణికట్టు వాచిపోయేది. ఆదివారం పూట కత్తెరమ్మ ఒళ్లో చెయ్యి పెట్టి నూనె రాయించుకుంటూ, "యంత్రంతో నేనెక్కడ పోటీపడతానే, దానికి నొప్పుంటుందా పాడుంటుందా?" అనేది.

అప్పుడే చెప్పాల్సింది. అది యంత్రం కాదు వదినా, నేనే, నువ్వు నేర్పిన కోతే అని. కత్తెరమ్మ నూనె మర్దనా చేసింది గానీ నోరు విప్పలేదు. మూడువేలు పోతాయని భయం. ఆ భయానికి సిగ్గు కూడా తోడై, వారం వారం నోరు మరింత మూసుకుపోయింది.

పంపుగది గోడకు గాలి కోసం వదిలిన కన్నాలున్నాయి. వాటిలోంచి లాన్ కనబడుతోంది. వచ్చినవాళ్లు ఇద్దరు. ఒకాయన బ్యాంకు మేనేజరుగా చేసి దిగిపోయిన పెద్దమనిషి. పక్కన లాయరమ్మగారు. వాళ్లకు నాలుగడుగుల వెనక, చెప్పులు గేటు బయట విడిచి, చేతులు కట్టుకుని నిలబడిన మనిషిని చూసేసరికి కత్తెరమ్మ కన్నానికి మొహం ఆనించింది. వదిన.

"మా పనావిణ్ణి కూడా తీసుకొచ్చానండీ. కళ్లారా చూస్తే అయినా బుద్ధొస్తుందని," అంటున్నారు లాయరమ్మగారు.

తాబేలు గూట్లోంచి బయల్దేరింది. మేనేజరు దాని వెంట రెండడుగులు వేసి ఆగాడు.

"లక్షన్నర పోసి కొనడం దండగేమోనండీ. మనిషయితే నెలకు ఆరువేలతో పోతుంది."

"మనిషికి జ్వరమొస్తుంది సార్. చుట్టాలొస్తారు, చావులొస్తాయి," అన్నాడు ఇంటాయన. "దీనికి ఏమొస్తుంది? రోజూ కోస్తుంది, కాబట్టి గడ్డి ఎప్పుడూ ఒకే ఎత్తు. మీరు పేపరు చదువుకుంటుంటే పక్కనే తిరిగినా వినబడదు. రెండేళ్లకు మీ డబ్బు మీకొచ్చేస్తుంది. ఆ తర్వాతంతా లాభమే."

"అంచుల మాటేంటి?"

"చూడండి మీరే."

మేనేజరు గోడవెంట నడిచి చూశాడు. తల ఊపాడు. లాయరమ్మగారు వదినను వేలితో పిలిచారు.

"రా, చూడు. దీన్ని అంచంటారు. ఆర్నెల్ల నుంచి నెత్తీ నోరూ బాదుకుంటున్నా."

వదిన వచ్చి వంగింది. గడ్డిని అరచేత్తో ఒకసారి నిమిరింది. మళ్లీ నిమిరింది. లేచి నిలబడటానికి ఎక్కువసేపు పట్టింది.

"ఇది మిషను కోసింది కాదమ్మా. కత్తెరతో కోసిందే."

ఇంటాయన గట్టిగా నవ్వాడు. "పని పోతుందనే ఏడుపు మేడం. వీళ్లంతా ఇంతే."

"నిజమమ్మా. ఎవరో కూర్చుని కోశారు. నాకు తెలీదా?"

"నోర్ముయ్!" లాయరమ్మగారి మొహం ఎర్రబడింది. నలుగురి ముందు పనిమనిషి మాట్లాడటం ఆవిడకు తలకొట్టేసినట్టయింది. "చేతకాక, పైగా అబద్ధాలా? పెద్దదానివని ఇన్నాళ్లూ ఊరుకున్నా. రేపట్నుంచి రావద్దు. వెళ్లు, గేటు బయట నిలబడు."

"అబద్ధం కాదమ్మా. మా ఆయన మీదొట్టు."

"వెళ్లమన్నానా!"

కత్తెరమ్మ చెయ్యి గడియ మీద పడింది. తీస్తే మూడువేలు పోతాయి. తియ్యకపోతే వదిన అబద్ధాలకోరుగా గేటు దాటుతుంది. ఆలోచించాలనే అనుకుంది. ఆలోచన తెమలకముందే గడియ ఊడివచ్చింది.

తలుపు చప్పుడుకు అందరూ ఇటు తిరిగారు. ఒళ్లంతా తడిసి, జుట్టుకు బూజు పట్టి, చేతిలో కత్తెరతో వెలుగులోకి వచ్చింది. కళ్లు బైర్లు కమ్మాయి.

"మా వదిన అబద్ధమాడలేదమ్మగారూ. అంచులు నేను కోస్తున్నాను. ఆర్నెల్లుగా నేనే. మిషను గోడ దగ్గరికి రాదు."

ఇంటాయన మొహంలో నెత్తురు చుక్క లేదు. అది చూసి కత్తెరమ్మకు, సిగ్గెందుకు, సంతోషమేసింది. చాలా ఏళ్ల తర్వాత వేసిన సంతోషం. బేరం చెడింది, వదిన ఇల్లు నిలబడింది అనుకుంది.

ముందుగా తేరుకున్నది మేనేజరు. పొట్ట కదిలేలా నవ్వాడు.

"బాగుందయ్యా! తాబేలుతోపాటు దాని తల్లిని కూడా పెంచుతున్నావన్నమాట. ఏమిస్తున్నావేంటి ఈవిడకి?"

"మూడువేలు సార్," అన్నాడు ఇంటాయన నేల చూపులు చూస్తూ.

"ఇదివరకో?"

"ఆరు."

"ఊఁ." మేనేజరు గడ్డం గోక్కున్నాడు. బ్యాంకులో ముప్పై ఏళ్లు లెక్కలు కట్టిన బుర్ర ఊరికే ఉంటుందా? "మిషనూ ఉండి, మనిషికి మళ్లీ మూడువేలంటే డబ్బు తిరిగొచ్చేసరికి నాలుగేళ్లు దాటిపోతుంది. గిట్టదయ్యా."

ఇంటాయన తల పైకి లేచింది. మునిగేవాడికి ఒడ్డు కనబడింది.

"మూడెందుకు సార్? మీ ఇల్లు, మేడం గారి ఇల్లు, మా ఇల్లు, మూడింటికీ కలిపి ఒక్క మనిషి. అంచులే కదా. ఇంటికి పదిహేనువందలు పడేస్తే కళ్లకద్దుకుని చేస్తారు. మూడేళ్లలోపే మీ డబ్బు మీకొచ్చేస్తుంది."

"బ్యాటరీ?"

"నాలుగేళ్లకు హామీ. రాసిస్తాను."

"అయితే గిడుతుంది," అన్నాడు మేనేజరు.

"ఈ మాట ముందే చెప్పొచ్చుగా," అన్నారు లాయరమ్మగారు. "దాచిపెట్టడం దేనికి? మనిషి ఉంటే మాకేమన్నా అభ్యంతరమా?"

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. మూడువేల పని కత్తెరమ్మ నోటితోనే పదిహేనువందలైంది. ఆమె ఒకరి మొహం తర్వాత ఒకరి మొహం చూసింది. వాళ్లెవరూ కోపంగా లేరు. అందరూ స్థిమితపడ్డారు. ఇంటాయన అయితే ఆమె వైపు ప్రేమగా కూడా చూశాడు.

"పోన్లే, జరిగిందేదో జరిగింది. ఇంక నువ్వు దాక్కోనక్కర్లేదు. సర్వీసులో కలిపేస్తా. కంపెనీ బొమ్మున్న చొక్కా కూడా ఇప్పిస్తా. రేపట్నుంచి మేడం గారింటికి కూడా వెళ్లు."

మేడం గారి ఇల్లంటే వదిన ఇల్లు.

"నేను చెయ్యను," అంది కత్తెరమ్మ.

ఇంత వయసొచ్చి ఆ మాట ఏ యజమానితోనూ అనలేదు. అన్నాక గొంతు తనదేనా అని అనుమానం కూడా వచ్చింది.

"ఏంటీ?"

"చెయ్యను సార్. ఇంటికి పదిహేనువందలకు చెయ్యను. మా వదిన ఇంటికి అసలే వెళ్లను."

ఇంటాయన భుజాలెగరేశాడు. లాయరమ్మగారు వదిన వైపు తిరిగారు. ఆవిడ గొంతు ఇప్పుడు మెత్తగా ఉంది.

"నువ్వు చేస్తావా మరి? మూడిళ్లూ నీకే. ఇందాకటి మాట మర్చిపోతాలే."

వదిన ఆవిణ్ణి చూడటం లేదు. మరదలినే చూస్తోంది. మరదలి చేతుల్ని.

"నా చేతికి నూనె రాసేదానివి," అంది నెమ్మదిగా. "నేను యంత్రంతో పోటీపడుతున్నా అనుకున్నానే. నీతోనా?"

"వదినా, నేను..."

"పక్కన కూర్చుని నూనె రాసేదానివి."

ఆ మాటకు వేళ ఆర్నెల్ల కిందటే దాటిపోయింది.

వదిన ముందుకొచ్చి మరదలి చేతిలోంచి కత్తెర తీసుకుంది. లాక్కోలేదు. పనిలో కత్తెర కావాల్సినప్పుడు ఎలా తీసుకునేదో అలాగే తీసుకుంది.

"చేస్తానమ్మా," అంది లాయరమ్మగారితో. "మూడిళ్లూ చేస్తాను."

"అలా దారికి రా. ఏదీ, ఆ పూలమడి పక్కన కాస్త మిగిలినట్టుంది, కోసి చూపించు. సార్ కూడా చూస్తారు."

వదిన పూలమడి దగ్గరికి వెళ్లింది. మోకాళ్లు కటకటలాడుతుంటే ఒక చెయ్యి నేలకానించి గొంతుక్కూర్చుంది. కత్తెర తెరిచింది.

కత్తెరమ్మ వెళ్లి ఎదురుగా కూర్చుంది. కూర్చుని, కొయ్యబోయే గడ్డి మీద అరచెయ్యి పరిచింది.

"చెయ్యి తియ్యవే," అంది వదిన.

"తియ్యను."

"అందరూ చూస్తున్నారు. తియ్యి."

"ఇవాళ నువ్వు పదిహేనువందలకు కోస్తే రేపు ఇంకొకతె వెయ్యికి కోస్తుంది వదినా. మనిద్దరం వద్దంటే వాళ్ల అంచులు వాళ్లే కోసుకోవాలి."

"వాళ్లు కోసుకోరు. ఇంకోదాన్ని తెచ్చుకుంటారు." వదిన తలెత్తింది. "మంచాన పడ్డ మీ అన్నయ్యకు మందులెవరు తెస్తారే? నువ్వు తెస్తావా? పనొదిలేసి వచ్చావుగా ఇప్పుడే. చెప్పు, తెస్తావా?"

కత్తెరమ్మ ఎక్కణ్ణుంచి తెస్తుంది? తేలేదు. తన ఇంట్లోనే రేపటికి లేదు.

"తియ్యను వదినా," అంది.

తాబేలు మెల్లగా తిరుగుతూ వాళ్లిద్దరి దాకా వచ్చింది. కత్తెరమ్మ కాలికి తగిలి ఆగింది, కాస్త వెనక్కి జరిగి, పక్కకు తిరిగి వెళ్లిపోయింది. మనిషి తగిలితే ఆగిపోయేలా చేశారు దాన్ని. ఆ సంగతి ఇంటాయన మేనేజరుకు చూపించి మెచ్చుకుంటున్నాడు. పిల్లలున్న ఇంట్లో కూడా భయం లేదంటున్నాడు. అడ్వాన్సు ఇవాళే కట్టాలా, రేపు కట్టొచ్చా అని మేనేజరు అడుగుతున్నాడు. ఈ ఆకుపచ్చ రంగు కాక వేరే రంగులేమీ లేవా అని లాయరమ్మగారు అడుగుతున్నారు.

"ఆఖరిసారి చెప్తున్నా, తియ్యి," అంది వదిన.

గడ్డి తడిగా ఉంది. కత్తెరమ్మ అరచెయ్యి ఇంకాస్త గట్టిగా అదిమింది. కత్తెర రెండు రేకులూ ఆ చేతికి అటూ ఇటూ తెరుచుకుని ఉన్నాయి. పిడి మీద వదిన వేళ్లు బిగుసుకున్నాయి.