జెనెబూకి వచ్చిన మర్యాద జవాబు

బక్రీదుకి ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి. మాలి దేశంలోని మోప్తీ ఊళ్ళో దర్జీలకి ఊపిరి సలపని రోజులివి. ఈసారి మాత్రం యాగునో గిందో మొహంలో చిరాకన్నది లేదు. కుట్టుమిషను పక్కన గోడకి ఆనించిన ఫోన్లోకి ఏఐ వచ్చి చేరింది మరి. ఆమె కుడుతూ ఉంటే అది గిరాకీలకి జవాబులు పంపుతుంది, ఎవరి చేతి కొలత ఎంతో చెబుతుంది, పొయ్యి మీద అన్నం దించే వేళైందని గుర్తుచేస్తుంది, మధ్యలో చిన్న కూతురి చేత ఎక్కాలు కూడా అప్పజెప్పించుకుంటుంది. "అందరితో మర్యాదగా మాట్లాడు" అని ఒక్క ముక్క చెప్పి, యాగునో నిశ్చింతగా పెడలు తొక్కుకుంటోంది.

అక్కడే పప్పులో కాలేసింది.

యాగునో డోగోన్ తెగ మనిషి, ఉల్లి పండించేవాళ్ళ ఆడపడుచు. ఎండుచేపలు అమ్మే జెనెబూ కరబెంతా నది మీద చేపలు పట్టి బతికే బోజో తెగ మనిషి. డోగోన్లూ బోజోలూ ఎదురుపడితే తిట్టుకోవాల్సిందే. తాతల నాటి నుంచీ వస్తున్న వరస అది, బావామరదళ్ళ ఎకసెక్కాల లాంటిది. తిడితే ఎవరూ నొచ్చుకోరు, మానేస్తేనే నొచ్చుకుంటారు. ఈ ఇద్దరూ ఇరవై ఏళ్ళుగా ఒక్కరోజు నాగా పెట్టలేదు.

ఆ పొద్దున జెనెబూ వాయిస్ మెసేజ్ పంపింది. "ఒసే ఉల్లిగడ్డల మొహమా! నా గౌను కుట్టావా, లేక మెడ ఉండాల్సిన చోట చెయ్యి అతికించి కూర్చున్నావా?"

ఏఐ వెంటనే జవాబు రాసి పంపేసింది. "ఆలస్యానికి మన్నించండమ్మా. మీ గౌను రేపు సాయంత్రానికి సిద్ధమవుతుంది. మీ ఓపికకి కృతజ్ఞతలు." యాగునోకి ఆ సంగతే తెలియదు.

మధ్యాహ్నం జెనెబూ వచ్చి గుమ్మంలో నిలబడింది. తిట్టలేదు, నవ్వలేదు.

"బాగున్నారా యాగునోగారూ? పిల్లలు కులాసానా?"

యాగునో చేతిలో గుడ్డ జారిపోయింది. "గారేమిటే? ఒంట్లో బాలేదా?"

"నాకేం, బాగానే ఉన్నాను. నా గుడ్డ ఇచ్చేస్తే పట్టుకెళతాను." జెనెబూ సంచిలోంచి ఫోను తీసింది. "ఇరవై ఏళ్ళు నీ చేత తిట్లు తిన్నానే. ఇప్పుడు అమ్మా, మన్నించండీ అని రాసేంత పరాయిదాన్నయ్యానా?" అంటూ దాన్ని ముందుకి చాపింది.

యాగునో చదివింది. "అయ్యో, ఇది నేను రాయలేదు జెనెబూ, ఆ ఏఐ రాసింది. నన్ను క్షమించు, తప్పు నాదే..."

జెనెబూ మొహం ఇంకా చిన్నబోయింది. ఇప్పుడు మనిషే స్వయంగా క్షమించమంటోంది! ఆమె గిరుక్కున వెనుదిరిగింది.

ఇరవై ఏళ్ళ స్నేహం గడప దాటి పోతోందని యాగునోకి భయం వేసింది, ఏడుపొచ్చినంత పనైంది. నాలుక కరుచుకుని, నడుం మీద చెయ్యేసుకుని ఒక్క కేక పెట్టింది.

"ఆగవే చేపల కంపుదానా! పొద్దుట్నించీ కుట్టిన బట్టలకి కంపంటించి పోతావా? నీ గౌనుకి రెండు తానులు చాలట్లేదు, మీ పడవ తెరచాప తెచ్చి పడెయ్!"

జెనెబూ ఆగింది. ఇటు తిరిగేసరికి కళ్ళలో నీళ్ళు, నోటినిండా నవ్వు. "నీకు కుట్టడం వచ్చి ఏడిస్తే కదే! మీ తాతకి ఈత రాకపోతే మా తాత జుట్టు పట్టుకుని నది దాటించాడు, తెలుసా?"

ఫోను మధ్యలో కల్పించుకుంది. "గిరాకీ అసంతృప్తిగా ఉన్నట్టున్నారు. క్షమాపణ పంపమంటారా?"

"నోర్ముయ్!" అన్నారిద్దరూ ఒక్కసారే.

నవ్వాగాక యాగునో ఫోను వైపు వేలు చూపించింది. "ఊరందరికీ నువ్వే జవాబు చెప్పు. పొయ్యి చూడు, పిల్లదాని ఎక్కాలు చూడు. ఈ బోజోది పలకరిస్తే మాత్రం ఎంత పనిలో ఉన్నా నన్ను పిలువు. దీన్ని తిట్టే పని ఇంకొకరికి ఇచ్చేది కాదు."

జెనెబూ అప్పటికే స్టూలు లాక్కుని కూర్చుంది. ఇంకా కుట్టని గౌను చంకలో బిగుతుగా ఉందని దెప్పడం మొదలుపెట్టింది.