రెండు కుర్చీల మధ్య

ఆపిళ్లు కోస్తున్న కలో, నిచ్చెన మెట్టు విరిగి కింద పడింది. దులుపుకుని లేచింది గాని, మణికట్టు వంకాయలా ఉబ్బింది. ఆపిల్ తోట యజమాని జీపు దిగి, అంతా బాగానే ఉందా అని ఇంగ్లీషులో అడిగాడు. టోంగా దీవుల నుంచి ఈ దేశానికి ఏటా కోతల కూలికి వచ్చే ఆడవాళ్లు తలలు దించుకున్నారు. పెద్దల ముందు మౌనమే మర్యాదన్నది వాళ్లు పెరిగిన తీరు. ఆ మర్యాదను అతను ఒప్పుదల కింద జమకట్టుకున్నాడు.

"యెస్, బాస్," అన్నాడు మేస్త్రీ సెమిసి.

కూలీల్లో ఉన్న లుపే సెమిసికి అక్క. టోంగాలో తమ్ముడు అక్కతో ఎదురుగా నిలబడి మాట్లాడకూడదు. అందుకని వేరేవాళ్లతో కబురంపాడు: రేపు కలోకి బదులు ఆ నిచ్చెన లుపే ఎక్కాలి. బయటివాళ్లయితే గొడవ పెడతారు, అక్కయితే నోరెత్తదని అతని ధీమా.

సాయంత్రం చర్చి హాలులో ఇంగ్లీషు తరగతి. పంతులమ్మ హెదర్ రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసింది. ఒకరు యజమాని, ఒకరు కూలి. వచ్చిన మాటలతోనే మాట్లాడుకోవాలి. తప్పులకు నవ్వుకుంటూ ఆడవాళ్లు ఒక్కొక్కరే నోరు విప్పుతున్నారు.

సెమిసి వచ్చి వెనక కూర్చున్నాడు. నవ్వులు ఆగిపోయాయి. అక్క ఉన్నచోట తమ్ముడు కూర్చోడు, తమ్ముడి ఎదుట అక్క నోరు విప్పదు. అది తెలిసే వచ్చాడు.

లుపే తల తిప్పకుండానే అంది, "లేచి బయటికెళ్లరా. ఇదేం పద్ధతి?"

"ఇదేమన్నా టోంగానా అక్కా? నోరు పారేసుకుంటే వచ్చే ఏడు మనల్నెవరూ పిలవరు. అందరి పొట్టా కొడతావా?"

"చెయ్యి విరిగితే మాత్రం పిలుస్తారా?" అంది కలో. "ఆయన ఇంగ్లీషు కూడా రెండు ముక్కలేనమ్మా. యెస్సొకటి, బాసొకటి."

హాలు గొల్లుమంది. సెమిసి మొహం కందగడ్డయింది.

లుపే లేచింది. ఖాళీ కుర్చీ ఈడ్చుకుపోయి తమ్ముడి ఎదురుగా వేసుకుని కూర్చుంది.

"టోంగా కాదన్నావుగా. అయితే నీ ముందు నోరు మూసుకోవాల్సిన పని నాకూ లేదు. నువ్వు యజమానివి. చెప్పు, నన్నెక్కమని."

వాళ్ల భాష రాకపోయినా హెదర్‌కు సంగతి అర్థమైంది. సుద్దముక్క కింద పెట్టింది.

సెమిసి నేల చూస్తూ ఇంగ్లీషులో గొణిగాడు, "గో అప్."

లుపే తల ఎత్తింది. బుద్ధెరిగాక తమ్ముడి కళ్లలోకి చూడటం అదే మొదలు. ఒక్కో మాటా గట్టిగా పలికింది.

"నో. లాడర్ బ్యాడ్. ఐ నో గో."

ఇక జవాబు సెమిసి వంతు. కలో వాచిన చేతిని ఒళ్లో పెట్టుకుని, అతని నోటికేసే చూస్తోంది.