చీటీ వెనకవైపు

రివాల్వర్ చక్రం తెరిచి, ఆరు అరల్లోనూ ఒకదాని తర్వాత ఒకటిగా చిటికెనవేలు పెట్టి చూశాడు డెంజిల్ హప్. ఖాళీ. మూసి, మళ్ళీ తెరిచి, మళ్ళీ ఆరూ చూశాడు. ఖాళీ. అప్పుడు గాని దాన్ని కిటికీ వెలుతురుకి పెట్టి గొట్టంలోంచి చూడలేదు. కళ్ళు ఆనక రెండుసార్లు చూస్తున్నాడని కొత్తగా వచ్చినవాళ్ళు అనుకుంటారు. పద్దెనిమిదేళ్ళుగా ఈ బల్ల వెనక నిలబడి, ప్రతిదాన్నీ అతను రెండుసార్లే చూస్తున్నాడు.

మా ఊరి తుపాకుల కొట్టు నదివైపు వీధిలో, మూతబడిన గాజు ఫ్యాక్టరీకి ఎదురుగా ఉంటుంది. లోపల కుడివైపంతా కొత్త సరుకు. ఎడమవైపు గాజుబల్లలో వాడిన పిస్తోళ్ళు, వాటి వెనక డెంజిల్. డెబ్బై ఒకటి నిండాయి. పొడుగు మనిషి, కొంచెం కుడిపక్కకి ఒరిగి నిలబడతాడు. బ్యాంకుల డబ్బు మోసే ఇనపబండి మీద ఇరవై ఆరేళ్ళు కాపలా కాశాడు. ఆ ఇరవై ఆరేళ్ళూ కుడి నడుముకి తుపాకీ వేలాడింది. తుపాకీ తీసేసినా ఒరుగు పోలేదు. చొక్కా జేబులో రెండు పెన్సిళ్ళు, ఒక భూతద్దం. ఈమధ్య చేతులు వణుకుతున్నాయి గాని, ఇనుము పట్టుకుంటే ఆగిపోతాయి.

అమ్మకానికి పెట్టే ప్రతి తుపాకీకీ దారంతో ఒక అట్టచీటీ కడతారు. ముందువైపు రకం, ధర. అవి ఎవరైనా రాస్తారు. వెనకవైపు మాత్రం డెంజిల్ రాయాలి. ఎక్కడ అరిగింది, ఎక్కడ గీసుకుంది, ఏ తెలివైనవాడు ఏ మర విప్పబోయి పాడుచేశాడు, లెక్కకి ఎన్ని తూటాలు పేలి ఉంటాయి, అన్నీ చిన్న చిన్న అక్షరాల్లో. ఆ చీటీ చదివి, తుపాకీని చేతికి కూడా తీసుకోకుండా కొనేసేవాళ్ళు మా చుట్టుపక్కల చాలామంది. చదివి దండం పెట్టి వెళ్ళిపోయేవాళ్ళూ అంతమందే. కొట్టు యజమానురాలు రాండాకి ఆ రెండో రకం వాళ్ళ గురించే దిగులు.

పదింటికి వేట టోపీ పెట్టుకున్న ఒకాయన వచ్చి, ఊలు మేజోడులోంచి ఒక పిస్తోలు తీసి బల్లమీద పెట్టాడు.

"ఒక్క పెట్టె కాల్చానంతే సార్. యాభై. అంతకుమించి ఒట్టు."

డెంజిల్ రెండుసార్లు చూసి, పైభాగం ఊడదీశాడు. నల్లగా ఉండవలసిన లోపలి గాళ్ళు రాపిడికి అరిగి అద్దంలా మెరుస్తున్నాయి. భూతద్దం అవసరం కూడా రాలేదు.

"పెట్టె బాగా పెద్దదనుకుంటాను."

ఆయన టోపీ సర్దుకున్నాడు. "మా బావమరిది కూడా కొంచెం కాల్చాడు లెండి."

"కొంచెం అంటే?"

"ఆదివారాలు."

"ఎన్నేళ్ళు?"

"వాడికి పెళ్ళయ్యేదాకా."

బావమరిది లేకుండా తుపాకీ అమ్మవచ్చినవాణ్ణి డెంజిల్ ఇంతవరకూ చూడలేదు. నవ్వలేదు కూడా. పెన్సిలు తీసి నాలిక మీద తడిచేసుకున్నాడు.

"నాలుగు వేలు పేలి ఉంటాయని రాస్తున్నాను. స్ప్రింగు మారిస్తే ఇది ఇంకా చాలాకాలం పనిచేస్తుంది. అరిగితే ఏం పోయింది? కొనేవాడికి తెలియాలి, అంతే."

"నాలుగు వేలా! పక్కనుండి లెక్కపెట్టినట్టు చెప్పారు, మీరు మా బావమరిదికి చుట్టమా ఏంటి?" అని ఆయన గొణిగి, రాండా ఇచ్చిందానికి ఒప్పుకుని మేజోడు జేబులో కుక్కుకుని వెళ్ళిపోయాడు.

రాండా యాభై దాటిన మనిషి. కొట్టు తండ్రి హార్లన్ పెట్టింది. ఆయన పోయి అయిదేళ్ళయింది. అలమర తాళంచెవులు మెళ్ళో వేలాడేసుకుని తిరుగుతుంది. ఆ పొద్దున డెంజిల్ భోజనం సంచిలోంచి, సాండ్‌విచ్ పక్కనుంచి, తన సొంత రివాల్వర్ తీసి ఆమె ముందు పెట్టాడు. అమ్మిపెట్టమన్నాడు. ఇనపబండి మీద కాపలా కాసినన్నాళ్ళూ నడుముకి ఉన్నది అదే. ఆమె దాన్నీ, అతన్నీ మార్చి మార్చి చూసింది.

"గుండె డాక్టరు ఏమన్నాడు?"

"వసంతకాలం సంగతి తర్వాత మాట్లాడుకుందామన్నాడు."

అందాకా ఉండడని దాని అర్థం. డెంజిల్‌కి భయం వేయలేదు. బాధా వేయలేదు. భార్య ఓపల్ పోయి ఎనిమిదేళ్ళయింది, అప్పటినుంచీ అతనికి ఏదీ పెద్దగా అనిపించడం లేదు. పిల్లలు లేరు. ఇంట్లో ఉన్నవి ఒక్కొక్కటే ఎవరికైనా చేర్చాలి, ఇవాళ తుపాకీ వంతు.

ఇప్పుడు రాండా ఆ రివాల్వర్ చీటీ ముందువైపు రాసి తెచ్చింది. ధర కింద పెద్ద అక్షరాల్లో 'డెంజిల్ హప్ సొంతది' అని ఉంది.

"నీ పేరు చాలు, పెద్దాయనా. గంటలో పోతుంది. వెనక ఏం రాయకు, నీకు పుణ్యముంటుంది."

"రాయకపోతే ఎలా?"

"ఏముంది దీనికి రాయడానికి? పైన అరిగింది, లోపల కొత్తదిలా ఉంది. మోసింది ఎక్కువ, కాల్చింది తక్కువ. నీలాగే." తన మాటకి తనే నవ్వి వెళ్ళిపోయింది.

డెంజిల్ పెన్సిలు పట్టుకుని నిలబడ్డాడు. రాయవలసింది అతనికి తెలుసు. ముప్పై అయిదేళ్ళుగా తెలుసు.

అది ఎనభై మూడు అక్టోబరు. రోజూ డ్యూటీ అయ్యాక వంటింటి బల్ల దగ్గర కూర్చుని, తూటాలు తీసేసి, తుడిచి, గోడకి గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కి చెయ్యి నిలకడ చూసుకోవడం అతని అలవాటు. ఆ రోజు ఆ పని అయింది, తూటాలు మళ్ళీ పెట్టేశాడు, ఫోను మోగింది. ఫోనులో మాట్లాడి వచ్చి అదే కుర్చీలో కూర్చుని, ఖాళీదే అనుకుని ఇంకోసారి గోడకి గురిపెట్టి నొక్కాడు. చూసుకోలేదు. గోడ అవతల సామాన్ల గది. ఓపల్ అందులోనే టమాటాలు నిల్వకి సీసాల్లో నింపుతోంది. చప్పుడు తగ్గాక తలుపు కిందనుంచి ఎర్రగా నీళ్ళలాంటిది జారి వచ్చింది. డెంజిల్ లేవలేకపోయాడు. అంతలో ఓపల్ సీసా మూతలు ఒళ్ళో వేసుకుని నేలమాళిగ మెట్లెక్కి పైకి వచ్చింది. అరనిమిషం ముందే దిగిందట. అతన్ని చూసింది, నేలను చూసింది, మూతలు బల్లమీద పెట్టి గుడ్డ తెచ్చుకుని తుడిచింది. మర్నాడు గోడకున్న కన్నం మీద క్యాలెండరు తగిలించింది. ఆ తర్వాత ఇరవై ఏడేళ్ళు కాపురం చేశారు, ఇద్దరిలో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఏటా క్యాలెండరు మాత్రం మారేది. ఆమె పోయిన ఏటిది ఇప్పటికీ అక్కడే ఉంది.

అంతవరకే అయితే డెంజిల్ అది రాసేసి ఉండేవాడే. సంగతి అంతటితో ఆగలేదు.

పద్నాలుగేళ్ళ కిందట ఈ బల్ల దగ్గరే లోవెల్ పికెన్స్ చేతిలో ఒక పిస్తోలు పేలింది. తూటా నేలలో దిగింది, ఎవరికీ ఏమీ కాలేదు. లోవెల్, డెంజిల్ అప్పట్లో పక్కపక్కనే పనిచేసేవారు, ఒకే డబ్బాలో తినేవారు. హార్లన్ ఇద్దరినీ లోపలి గదికి పిలిచాడు. లోవెల్ ముఖం సున్నంలా తెల్లబోయి ఉంది. "డెంజిల్, నువ్వు చెప్పు. ఎవరికైనా ఇలా జరుగుతుందా? నీకెప్పుడైనా జరిగిందా?" అని హార్లన్ అడిగాడు. ఆయన లోవెల్‌ని ఉంచుకునే సాకు కోసమే అడిగాడని డెంజిల్‌కి అప్పుడే తెలుసు. అయినా నోటినుంచి వచ్చింది వేరు. "ముప్పై ఏళ్ళుగా పట్టుకుంటున్నాను. ఎప్పుడూ లేదు." ఉద్యోగం పోయి, లోవెల్ ఆ సాయంత్రం తన కాఫీ మగ్గు తీసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. అప్పటినుంచీ కిరాణా గోదాములో లారీల సరుకు దించుతున్నాడు.

లోవెల్ కక్ష పెట్టుకోలేదు. అదే డెంజిల్‌కి మింగుడుపడలేదు. ఏటా జింకల వేటకి ముందు తూటాలకి వచ్చినప్పుడు, కొట్టులో ఎవరున్నా సరే పిలిచి చెప్పేవాడు, వీడి చేతిలో ఒక్కసారి కూడా పేలలేదయ్యా అని.

పన్నెండు కావస్తుండగా లోవెల్ వచ్చాడు. పొట్టి మనిషి, గోదాము చొక్కా మీదే ఉన్నాడు.

"ఏరా డెంజిల్, ఇంకా బతికే ఉన్నావా? రాండా ఫోను చేసింది. నీది అమ్మేస్తున్నావటగా."

"ఊఁ."

"నాకియ్యి."

డెంజిల్ చెయ్యి బల్లమీద ఆగింది. "నీకెందుకు? ఆ రోజునుంచీ ఇంట్లో పిస్తోలు ఉంచుకోలేదు కదా."

"అందుకేరా. మా ఆవిడకి భయం, నాకింకా భయం. మాకు తెలిసి ఎప్పుడూ అల్లరి చెయ్యనిది ఇదొక్కటే. ఇదైతే సరే అంది ఆవిడ." గాజుబల్ల మీదికి వంగి చీటీ తిప్పి చూశాడు. "వెనక ఖాళీగా ఉందేంటి? ఊరందరివీ రాస్తావు, నీది రాయడానికి చెయ్యి రావట్లేదా?"

"రాస్తాను."

"రాసి ఉంచు. ఇంకో లారీ ఉంది, దించేసి ఒంటిగంటకి వస్తాను. నీ అక్షరం చూడందే నేను ఏదీ కొనను, తెలుసుగా." గాజు మీద రెండుసార్లు తట్టి వెళ్ళిపోయాడు.

డెంజిల్ అతను వీధి దాటేదాకా చూశాడు. మా ఊళ్ళో అతనికి ఉన్నది ఈ ఒక్క పేరే, దాన్ని ఊరంతా మోసింది లోవెలే. రాయకపోతే వసంతం దాకా, ఆ తర్వాత కూడా అది చెక్కుచెదరదు. అతనికి సిగ్గేసింది. చాలాకాలానికి ఏదో ఒకటి అనిపించినందుకు కొంచెం ఆశ్చర్యపడ్డాడు కూడా.

పెన్సిలు చెక్కుకుని రాయడం మొదలుపెట్టాడు. ఒక చీటీ చాల్లేదు. ఒక తుపాకీకి రెండు చీటీలు కట్టడం అతను ఎప్పుడూ చేయలేదు. కట్టి, రివాల్వర్‌ను గాజు కింద పెట్టి, సంచి తీసుకుని లోపలి గదికి వెళ్ళాడు.

మధ్యాహ్నం తిండి వేళ అతనికి ఒక పని ఉంది. ఆ పూటకి కావలసిన చీటీలన్నిటికీ దారం ఎక్కించిపెట్టుకుంటాడు. ఇదివరకు రెండు నిమిషాలు పట్టేది. చేతులు వణకడం మొదలయ్యాక సాండ్‌విచ్ పక్కన పెట్టి ముందు ఇదే చేస్తున్నాడు. ఫ్లాస్కు మూతలో కాఫీ పోసుకున్నాడు. ఎడమ భుజం బరువుగా ఉంది. పొద్దుటినుంచీ ఉంది. ఒంటిగంటకి ఇంకా ఇరవై నిమిషాలు. లోవెల్ ఏమంటాడో ఊహించబోయాడు గాని ఏమీ తోచలేదు. మొదటి చీటీ తీసుకున్నాడు.

లోవెల్ చెప్పిన టైముకే వచ్చాడు. రాండా తాళం తీసి రివాల్వర్ ఇచ్చింది. అతను చక్రం తెరిచి ఆరు అరల్లోనూ వేలుపెట్టి చూసి, మూసి, మళ్ళీ చూశాడు. అది డెంజిల్‌ని చూసి నేర్చుకున్నదే. తర్వాత చీటీ తిప్పాడు.

'డెబ్బై నాలుగులో కొత్తగా కొన్నాను. వేరేవాళ్ళ చేతికి పోలేదు. గొట్టం కొసన నలుపు పోయింది, ఒర రాపిడి. పిడి మీద గంటు కారు తలుపుది. మరలు ఎవరూ ముట్టలేదు. పేలినవి: డ్యూటీ పరీక్షలకి ఏటా యాభై చొప్పున పదమూడు వందలు. నది ఒడ్డున డబ్బాల మీద సుమారు రెండు వందలు. మనిషి మీదికి ఎత్తలేదు.'

రెండో చీటీ తిప్పాడు.

'వంటింట్లో, పొరపాటున, ఒకటి. ఎనభై మూడు అక్టోబరు. ఖాళీ అనుకున్నాను, చూసుకోలేదు. ఓపల్ టమాటా సీసాలు నాలుగు పగిలాయి. ఆమె అరనిమిషం ముందు అక్కడే ఉంది. నీ విషయంలో హార్లన్‌కి అబద్ధం చెప్పాను. డి. హప్.'

లోవెల్ రెండోసారి చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. రివాల్వర్‌ను బల్లమీద పెట్టి, చేతులు దులుపుకుని, తలుపుదాకా వెళ్ళాడు. పద్నాలుగేళ్ళు సరుకు దించి వంగిన నడుము అది. తలుపు మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాడు. తర్వాత అతని భుజాలు కదలడం మొదలెట్టాయి. ఏడుస్తున్నాడేమోనని రాండా బల్ల వెనకనుంచి వచ్చింది. నవ్వుతున్నాడు.

"నాలుగు సీసాలట! ముసలి దొంగ!" వెనక్కి తిరిగి లోపలి గదివైపు అరిచాడు. "ఒరేయ్ డెంజిల్! బయటికి రా. నీకో మాట చెప్పాలి."

లోపలినుంచి ఏమీ వినబడలేదు.

"వస్తావా, నన్నే రమ్మంటావా?"

రాండా వెళ్ళింది. కాసేపటికి తాళంచెవులు చప్పుడు కాకుండా గుప్పిట్లో పట్టుకుని బయటికి వచ్చింది. ఆమె ముఖం చూసి లోవెల్ నవ్వు ఆపి టోపీ తీశాడు.

చెప్పాలనుకున్న ఆ మాటేమిటో అతను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. తరువాతి వారం వచ్చి కాగితాలు నింపి రివాల్వర్ తీసుకెళ్ళాడు. అమ్మిన తుపాకీ చీటీ కోసి మేకుకి గుచ్చడం మా కొట్టు పద్ధతి. రాండా కత్తెర తీస్తే, వద్దు, ఉండనీ అన్నాడు.

లోపలి గదిలో బల్లను మాత్రం రాండా ఇంకా సర్దలేదు. ఫ్లాస్కు మూత పక్కన ఏడు చీటీలు దారం ఎక్కించి వరసగా ఉన్నాయి. ఎనిమిదోదాని కన్నంలో దారం సగందాకా వచ్చి ఆగి ఉంది.