బావ అడిగిన సిగరెట్టు

ప్రెస్సులో అతన్ని అందరూ కత్తి అంటారు. మనిషి మాత్రం మెత్తన. కాగితాలు కోసే యంత్రం దగ్గర పనిచేస్తాడు కాబట్టి ఆ పేరు వచ్చింది. అచ్చయి వచ్చిన కాగితాల దొంతరను బల్ల మీద నాలుగు వైపులా తట్టి, అంచులు సమం చేసి, కత్తి కిందికి నెట్టి, రెండు చేతులతో రెండు మీటలు ఒకేసారి నొక్కాలి. దభీమని ఒక చప్పుడు. అంచులు నున్నగా తెగిపోతాయి.

పక్క షెడ్డులో అచ్చు యంత్రం నడిపేది అతని బావ, సొంత అక్క మొగుడు. కత్తికి ఈ ఉద్యోగం ఇప్పించింది ఆయనే. మొదటి సిగరెట్టు ముట్టించి చేతికిచ్చిందీ ఆయనే.

లోపల ఎటు చూసినా కాగితం, రంగు డబ్బాలు, రోలర్లు తుడిచే కిరసనాయిలు. అగ్గిపుల్ల గీస్తే ఇంకేమైనా ఉందా! అందుకని టీ గంట కొట్టగానే ఇద్దరూ వెనక వైపు మెట్ల మీదికి వెళ్ళేవారు. అది చూసి ప్రూఫులు దిద్దే ముసలాయన "అవిగో, జోడెద్దులు మేతకి బయల్దేరాయి" అనేవాడు. ఇంట్లో బావ పెద్దమనిషి. అక్క ఎదుట కత్తితో రెండు ముక్కలు మాట్లాడితే గొప్ప. మెట్ల మీద కూర్చుని దోసిలిలో నిప్పు కాచి ముందు కత్తికి అందించి, తర్వాత తను ముట్టించుకునే మనిషి వేరు. కత్తి పెళ్ళి ఖాయం చేసుకుంది ఆ మెట్ల మీదే. కూతురికి పేరు వెతికింది అక్కడే. అక్కా బావా పోట్లాడుకున్నప్పుడు రాజీ కుదిరిందీ అక్కడే.

ఆ బావకు దగ్గులో రక్తం పడింది. పరీక్షలయ్యాయి. కుడి ఊపిరితిత్తిలో సగం తీసేయాలన్నారు, తీసేశారు.

ఆపరేషన్ జరిగిన సాయంత్రం కత్తి ఆసుపత్రి గేటు బయట నిలబడి, అలవాటు కొద్దీ సిగరెట్టు వెలిగించాడు. అప్పుడే అక్క ఖాళీ ఫ్లాస్కు పట్టుకుని బయటికొచ్చింది. తమ్ముణ్ణి చూసింది. అతని వేళ్ళ మధ్య సిగరెట్టునూ చూసింది. దగ్గరికొచ్చి, మడత పడిన అతని చొక్కా కాలరు సరిచేసి, టీ కోసం రోడ్డు దాటి వెళ్ళిపోయింది. నాలుగు తిట్టినా భరించేవాడు. కాలరు సరిచేస్తే భరించలేకపోయాడు. సిగరెట్టు కాలి కింద నలిపేశాడు. పెట్టె చెత్తబుట్టలో పడేశాడు. ఇక ముట్టనని ఎవరికీ మాట ఇవ్వలేదు, ఒట్టు పెట్టుకోలేదు. ఊరికే మానేశాడు.

మానేయడం ఆ క్షణంలో తేలికగానే అయిపోయింది. తెల్లారాక మొదలైంది అసలు సంగతి.

నిద్ర లేవగానే చెయ్యి దిండు కింద వెతికింది. టీ తాగుతుంటే అది టీలా లేదు, వేన్నీళ్ళలా ఉంది. చొక్కా జేబు తడుముకోవడం, ఖాళీగా ఉందని గుర్తు రావడం, మళ్ళీ తడుముకోవడం. పళ్ళు నాలుకను నమిలేస్తున్నాయి. స్నానాల గదిలో సబ్బు జారిపడితే సబ్బుని తిట్టాడు. పెరుగు గిన్నె మీద మూత సరిగ్గా పెట్టలేదని భార్య మీద ఇల్లెగిరిపోయేలా అరిచాడు.

ఆవిడ మూత సరిగ్గా పెట్టి, నెమ్మదిగా అంది: "మీరు సిగరెట్లు కాల్చడం మానేశారు, సంతోషం. దానికి బదులు మమ్మల్ని కాల్చుకు తినకండి."

బడికెళ్ళే కూతురు ఒక పిప్పరమెంట్ల పొట్లం తెచ్చిచ్చింది. "కోపం వచ్చినప్పుడల్లా ఒకటి వేసుకో నాన్నా" అంది. మధ్యాహ్నానికి పొట్లం ఖాళీ అయింది.

ప్రెస్సులో టీ గంట కొట్టగానే కాళ్ళు తమంతట తామే వెనక్కి నడిచాయి. మెట్ల మీద తన చోట కూర్చున్నాడు. పైమెట్టు మీద బావ వీపు ఆనించే చోట గోడ సున్నం రాలి, మనిషి ఆకారంలో నున్నబడి ఉంది. కింద ఇసుక పోసిన రంగు డబ్బాలో పాత సిగరెట్టు పీకలు. కొన్నిటి మీద నల్లటి వేలిముద్రలున్నాయి. అవి బావవి. ఎన్నిసార్లు తుడుచుకున్నా ఆయన చేతుల రంగు పోయేది కాదు.

గొంతు లాగుతోంది. ఛాతీలో ఎవరో తాడు కట్టి పీకుతున్నట్టుంది. బైండింగ్ మనిషి ఒకడు బయటికొచ్చి, కాస్త దూరంగా నిలబడి ముట్టించుకున్నాడు. పొగ గాలికి ఇటే తిరిగింది. కత్తి కళ్ళు మూసుకున్నాడు. పీల్చాడు. పీల్చినందుకు తనని తను తిట్టుకున్నాడు. మళ్ళీ పీల్చాడు.

"కావాలా అన్నా?" పెట్టె చాపాడు బైండింగ్ మనిషి.

కత్తి లేచి లోపలికి వెళ్ళిపోయాడు. పక్క షెడ్డులో అచ్చు యంత్రం నడుస్తోంది. దాన్ని ఇప్పుడు కొత్తవాడు నడుపుతున్నాడు. బావ నడిపితే ఆ చప్పుడులో ఒక నింపాది ఉండేది. వీడు నడిపితే ఎవరో తరుముతున్నట్టుంది. ఆ చప్పుడు వింటూ దొంతరను తట్టి, తిప్పి పెట్టాల్సిన వైపు తిప్పకుండానే మీటలు నొక్కేశాడు. దభీమంది. పిల్లల లెక్కల పుస్తకం పేజీల్లో అంకెలన్నీ తెగి కింద కుప్పగా పడ్డాయి.

మేనేజరు వచ్చి చూశాడు. మంచివాడే, కానీ ఆయనకీ ఒళ్ళు మండింది. "ఇన్నేళ్ళలో నీ చేతి మీద ఇలా జరగలేదయ్యా. మానేసి ఇట్టా చేతులు వణికించుకునే కంటే, వెళ్ళి ఒక దమ్ము లాగిరా. కాగితమన్నా బతుకుతుంది."

ఆ మాట రోజంతా చెవిలో తిరిగింది. పెద్దమనిషే వెళ్ళమన్నాడు కదా, ఒక్కటే కదా, కాగితం కోసమే కదా. సిగరెట్టు తాగేవాడికి దొరకని సాకు లేదు. ఇంటికెళ్ళే దారిలో సిగరెట్ల కొట్టు రాకుండా పక్క వీధిలోంచి చుట్టూ తిరిగి నడిచాడు. ఆ పక్క వీధిలోనూ ఒక కొట్టుంది. దాని ముందు నిలబడ్డాడు. "ఏం కావాలి?" అంది కొట్టులో ఆవిడ. "పిప్పరమెంట్లు" అన్నాడు, ఏడుపు గొంతుతో. ఆవిడ వింతగా చూసి ఇచ్చింది.

బావను ఇంటికి తీసుకొచ్చారని తెలిసినా కత్తి వెంటనే వెళ్ళలేదు. పని ఉందన్నాడు, జలుబన్నాడు. అసలు కారణం వేరు. సిగరెట్టు లేకుండా బావతో ఎలా మాట్లాడాలో అతనికి తెలియదు. చివరికి అక్కే ఫోన్ చేసింది. "ఏరా, ఆయన రోజూ నీ గురించే అడుగుతున్నారు. మనిషి కళ్ళు కాయలు కాశాయి. రావేం?"

సెలవు రోజు పొద్దున్నే వెళ్ళాడు.

బావ కిటికీ పక్క మంచం మీద మూడు దిళ్ళు ఆనుకుని కూర్చున్నాడు. చొక్కా లోపల మనిషి సగం కూడా లేడు. చేతులు తెల్లగా ఉన్నాయి. వేళ్ళకు రంగు పూర్తిగా పోయింది. కత్తి చూపు పక్కకి తిప్పుకున్నాడు. మంచం పక్క బల్ల మీద మూడు బంతులున్న ప్లాస్టిక్ పరికరం ఉంది. గొట్టంలోంచి ఊపిరి లాగితే బంతులు పైకి లేవాలట. బావ లాగి చూపించాడు. ఒక బంతి లేచింది, రెండోది కదిలి ఊరుకుంది.

"మూడోది నీ కోసం ఉంచా" అన్నాడు బావ. రెండు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు.

అక్క పక్కనే నిలబడి ఉంది. "కాస్త వేన్నీళ్ళు పెడతావా?" అన్నాడామెతో. ఆమె వంటింట్లోకి వెళ్ళింది. గిన్నె చప్పుడు వినబడేదాకా బావ ఆగాడు.

"ఆ బీరువా కింద నా పాత బూట్లున్నాయి. ఎడమదాంట్లో చెయ్యి పెట్టు."

కత్తి వంగి చెయ్యి పెట్టాడు. నలిగిన పెట్టె. అందులో ఒకే ఒక్క సిగరెట్టు, దాని పక్కన అగ్గిపెట్టె.

"నాకొద్దు. నాకా యోగం లేదు" అన్నాడు బావ. "నువ్వు ముట్టించు. ఆ కిటికీ దగ్గర నుంచుని కాల్చు. నాకు వాసన చాలు."

కత్తి చేతిలో సిగరెట్టు ఉంది. ఇన్నాళ్ళూ జేబులో, దిండు కింద, పగటి కలల్లో వెతికిన వస్తువు. వేళ్ళ మధ్య దానంతటదే ఇమిడిపోయింది. నోట్లో నీళ్ళూరాయి. అడుగుతున్నది బావ. జబ్బుపడ్డ మనిషి. కాదంటే ఏమవుతుందో, అవునంటే ఏమవుతుందో తెలియక మింగలేక కక్కలేక నిలబడ్డాడు. అగ్గిపుల్ల తీశాడు. అగ్గిపెట్టె అంచుకు ఆనించాడు కూడా.

"మానేశాను బావా" అన్నాడు.

బావ మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. "ఎప్పుడు?" అన్నాడు.

"నీ ఆపరేషన్ అయిన రోజు."

"నన్నడక్కుండానే?"

కత్తికి నవ్వొచ్చింది. బావ నవ్వలేదు.

"పెళ్ళి చేసుకుంటూ అడిగావు. ఇల్లు మారుతూ అడిగావు. ఇది మాత్రం ఒక్కడివే చేసుకున్నావు." ఊపిరి కోసం ఆగాడు. "ఆసుపత్రిలో ఏమనుకుంటూ పడుకునేవాణ్ణో తెలుసా? టీ గంట కొట్టారు. వాడు వెనక్కి వెళ్ళాడు. ముట్టించాడు. పక్కన నా చోటు ఖాళీగా ఉంది. అదే అనుకునేవాణ్ణి. నొప్పి తెలిసేది కాదు."

"కూర్చుంటున్నా బావా" అన్నాడు కత్తి. "రోజూ కూర్చుంటున్నా. వట్టి చేతులతో."

బావ అతని వైపు తిరిగాడు. "లాగుతోందా?"

"ప్రాణం పోతోంది."

"నాకూ."

ఆ ఒక్క మాటతో ఇద్దరి మధ్యా ఉన్నదేదో సడలింది. కత్తి మంచం అంచున కూర్చున్నాడు. అగ్గిపెట్టె పక్కన పెట్టి, ముట్టించని సిగరెట్టును ముక్కు దగ్గర పెట్టుకుని నిండా వాసన పీల్చాడు. తర్వాత బావకు అందించాడు. బావ కళ్ళు మూసుకుని పీల్చాడు, పీల్చినంతసేపు పీల్చి, తిరిగి ఇచ్చాడు. మళ్ళీ కత్తి. మళ్ళీ బావ. కుర్రతనంలో ఒక్క సిగరెట్టును ఇద్దరూ పంచుకున్నట్టే అది చేతులు మారింది.

"అక్క చూస్తే ఇద్దర్నీ ఉతికేస్తుంది" అన్నాడు కత్తి.

అక్క చూసింది. గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"వాసనేనక్కా! ముట్టించలేదు, చూడు, ముట్టించలేదు!" కత్తి గభాల్న లేచాడు.

ఆమె గ్లాసు బల్ల మీద పెట్టి చెయ్యి చాపింది. కత్తి సిగరెట్టు ఇచ్చేశాడు. విరిచి పారేస్తుందనుకున్నాడు. ఆమె దాన్ని తన ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇది కాదు" అంది. "ఇది వట్టి ఆకు వాసన. ఆయనది ఇది కాదు."

ఇద్దరూ ఆమె వైపే చూస్తున్నారు.

"పెళ్ళయినప్పట్నించీ ఈ కంపుకి మొహం తిప్పుకునేదాన్ని. చొక్కాలు ఎంత ఉతికినా పోయేది కాదు. మొన్న ఆసుపత్రిలో ఆయన్ని లోపలికి తీసుకెళ్ళాక, ఆయన విప్పిన చొక్కా నా చేతికిచ్చారు. దాన్ని నేను ఉతకలేదు." కొంగుతో కాదు, అరచేత్తో కళ్ళు తుడుచుకుంది. "ఆ చొక్కాలో వాసన రోజురోజుకీ తగ్గిపోతోందిరా. పోతే బావుండని కోరుకున్న వాసనే. ఇప్పుడది పోతుంటే..."

బావ చెయ్యి చాపితే వెళ్ళి పక్కన కూర్చుంది. తర్వాత తనే సిగరెట్టును రెండుగా తుంచి, కిటికీలోంచి కిందికి పడేసింది. "వేన్నీళ్ళు చల్లారిపోతున్నాయి, తాగండి" అంది.

బావ తిరిగి అచ్చు యంత్రం దగ్గరికి రాలేదు. డాక్టరు ఒప్పుకోలేదు. కత్తికి లాగడం ఆగలేదు. ముందులా పొద్దస్తమానం కాకుండా అలలా వచ్చి పోయేది, వచ్చినప్పుడు మాత్రం నిలువునా ముంచేది. బావను రోజూ కాసేపు నడిపించమని డాక్టరు చెప్పాడు కాబట్టి, సాయంత్రం పని అయ్యాక కత్తి ఆయన్ని వీధిలోకి తీసుకెళ్ళేవాడు. మొదట్లో పక్కింటి గేటు దాకా. తర్వాత తర్వాత బస్టాపు దాకా.

ఒక సాయంత్రం బస్టాపు దగ్గర ఊపిరి అందక బావ స్తంభం పట్టుకుని ఆగాడు. బెంచీ మీద ఒకాయన, ఆఫీసు సంచీ ఒళ్ళో పెట్టుకుని సిగరెట్టు కాలుస్తున్నాడు. బావ ఊపిరి సర్దుకుంది. అయినా కదల్లేదు. కత్తి కూడా పద అనలేదు. ఇద్దరూ వీధి చివరికి చూస్తున్నట్టు మొహాలు పెట్టుకుని, గాలి ఎటు వీస్తే అటు వైపు నిలబడ్డారు.

ఆయన వీళ్ళని గమనించాడు. పెట్టె తీసి మర్యాదగా చాపాడు. "తీసుకోండి."

కత్తి బావ వైపు చూశాడు.

"వద్దండీ" అన్నాడు బావ. ఊపిరి తీసుకున్నాడు. "మేం మానేశాం."

బస్సొచ్చింది. ఆయన సగం కాలిన సిగరెట్టు కింద పడేసి, తొక్కడం మర్చిపోయి, పరుగున ఎక్కేశాడు. అది ఫుట్‌పాత్ మీద పడి సన్నగా పొగ విడుస్తోంది. బావ అటే చూస్తున్నాడు. కత్తీ అటే చూస్తున్నాడు. నిప్పు కాగితం వెంట నెమ్మదిగా పాకి, మెరిసి, బూడిదయింది.

"రేపు ఆ మలుపు దాకా వెళ్దాం" అన్నాడు బావ.