అక్క ఇచ్చిన ఇల్లు

ఆ టైల్స్ మేస్త్రి ఇరవై ఏళ్ళలో పరిచిన నేలలన్నీ వరసగా పేరిస్తే చందమామ దాకా వెళ్ళి, అక్కడొక వరండా కూడా వేసి రావచ్చు. నేల వెంట్రుకవాసి పల్లంగా ఉన్నా చాలు, చెప్పులు విడిచి నాలుగడుగులు వేసి, "ఇక్కడ నీళ్ళు నిలుస్తాయి" అనేవాడు. నిలిచేవి. ఇంతమందికి నేలలు వేసినవాడికి సొంత నేల జానెడు లేదు. నలభై దగ్గరపడుతుండగా రెండు గదుల ఇల్లొకటి బేరానికి వచ్చింది. బ్యాంకు అప్పిస్తానంది గానీ, ముందు కొంత సొమ్ము చేతి నుంచి పెట్టుకోమంది. ఆ కొంతే మేస్త్రి దగ్గర లేదు.

అక్క ఇస్తానంది. అతనికన్నా పన్నెండేళ్ళు పెద్దది, బట్టలు కుట్టే దుకాణం నడుపుతుంది.

"అప్పు కాదురా చిన్నోడా, బహుమతి. తిరిగి ఇవ్వక్కర్లేదు."

సొమ్ము తిరిగి రానక్కర్లేదు గానీ, ఆ మాట మాత్రం ఊరంతా తిరిగింది. కొలతలకి వచ్చిన ప్రతి మనిషికీ చెప్పిందావిడ. మెడచుట్టూ టేపు ఉన్న మనిషి ఎక్కడికి పారిపోతుంది? పాల దుకాణం చేరేసరికి ఆ సొమ్ము రెండింతలైంది. మంగలి కుర్చీ దాకా వచ్చేసరికి ఇల్లు మొత్తం ఆవిడే కొనిపెట్టింది. బస్సెక్కి మేస్త్రి అత్తవారింటికి చేరేసరికి, అతనికి పెళ్ళాన్ని తెచ్చిపెట్టిందీ ఆవిడేనట.

"మావాళ్ళు ఫోన్ చేసి అడుగుతున్నారు, నన్ను కూడా మీ అక్కే బేరమాడిందా అని," అంది భార్య.

"పోనీవే. ఇచ్చే చెయ్యి కదా, కాస్త ఊగనీ."

చెయ్యి కాస్తతో ఆగలేదు. మేస్త్రి మెరుపులేని బూడిదరంగు పలకలు అనుకున్నాడు. అక్క గుమ్మడికాయంత గులాబీలున్నవి ఎంచింది. "డబ్బు నాదయ్యాక నేల నాకు నచ్చాలా వద్దా?" అంది. ఆ గులాబీలను తలుచుకుంటే అతనికి పన్ను సలిపేది. అయినా నోరెత్తలేదు. తల్లి ముందే పోయింది. ఓడరేవులో క్రేను నడిపే తండ్రి పనిలోనే పోయేనాటికి వీడికి ఆరేళ్ళు. సాకింది అక్క. "మన నాన్న మిగిల్చింది ఆకలొక్కటే" అని చెప్పి మరీ సాకింది. అందుకే ఎవరైనా తండ్రి ఊసెత్తితే మేస్త్రి లేచి వెళ్ళిపోయేవాడు.

డబ్బు కట్టాల్సిన రోజు అక్కా తమ్ముడూ బ్యాంకుకు వెళ్ళారు. సాయంత్రం నాలుగు దాటితే ఆ ఇల్లు వేరేవాళ్ళకి పోతుంది. వాళ్ళు అప్పుడే వంటగదికి తెరలు కూడా కొనుక్కున్నారని చెప్పుకుంటున్నారు.

కాగితాలు చూసే అమ్మాయి చెప్పింది: "ఇది బహుమతేననీ, తిరిగి అడగననీ, ఇంట్లో వాటా కోరననీ మీరు రాసివ్వాలండి. అలాగే ఈ సొమ్ము మీకెలా వచ్చిందో చూపించాలి."

"చూపించాలా? ఎంత పాతవి కావాలి?" అంది అక్క, పోటీలో పేరు పిలిచినట్టు.

ఆవిడకు కాగితం పారెయ్యడమంటే వేలు కోసుకోవడమే. దుకాణం తెరిచిననాడు కొన్న సూదుల రసీదు కూడా భద్రంగా ఉంది. సంచీ బల్లమీద పెడితే బల్ల మూలిగింది. ఒక్కో కట్టా విప్పి ఇస్తుంటే ఆ అమ్మాయి లెక్కల్లో ఏళ్ళ వెనక్కి, ఇంకా వెనక్కి వెళ్ళింది. చివరికి రంగుపోయిన చిన్న పాస్‌బుక్కు దగ్గర ఆగింది. దాన్నీ అక్కే అందించింది. ముప్పై ఏళ్ళుగా తనదనుకున్న సొమ్ముకు వేరే పేరుందన్న సంగతి ఆవిడకే గుర్తులేదు.

"ఇదిగో, మొదలు ఇక్కడ! మీ నాన్నగారు పోయినందుకు కంపెనీ వేసిన పరిహారం. ఖాతా మీ తమ్ముడిగారిది. మైనరు కాబట్టి మీ సంతకం. ఆయనకి పద్దెనిమిది నిండగానే మీ ఖాతాలోకి మారింది." ఆ అమ్మాయి ముఖం వెలిగిపోయింది. "అయితే మేస్త్రిగారూ, ఇది మీ సొమ్మేగా! బహుమతి పత్రమే అక్కర్లేదు. మీ అక్కగారు అలాగని రాసిస్తే పనైపోతుంది."

మేస్త్రి పాస్‌బుక్కు తీసుకున్నాడు. ఎవరూ పిలవని తన నిండు పేరు మొదటి పేజీలో గుండ్రంగా రాసి ఉంది.

"పద్దెనిమిదేళ్ళప్పుడు పలకలు కోసే యంత్రం కొంటానంటే, ఎక్కణ్ణుంచి తేనురా అన్నావు. ఆ వారమే ఏవో కాగితాల మీద సంతకం పెట్టించావు."

"దుకాణం మూతపడేలా ఉందిరా అప్పుడు. ఆ సొమ్ముతో అది నిలబడబట్టే కదా నువ్వు తిన్నది. తర్వాత పూడ్చేశానురా."

"తీసుకోవద్దన్నానా అక్కా? అడిగితే నేనే ఇచ్చేవాణ్ణి. నాన్న ఏమీ మిగల్చలేదని ఎందుకు చెప్పావు?"

అక్క సంచీ తాడు వేలికి చుట్టుకుంది, విప్పింది. "సాకింది నేను. పేరు ఆయనకి పోతుందేమోనని."

"పదహారేళ్ళప్పుడు ఆయన ఫొటో చించాను. ఉన్నదొక్కటే. నువ్వు పక్కనే కూర్చుని బొత్తాలు కుడుతున్నావు. ఆపలేదు."

ఆ అమ్మాయి తన డెస్కులో లేని వస్తువేదో వెతకడం మొదలుపెట్టింది.

"తప్పేరా," అంది అక్క మెల్లగా. అంతలోనే సంచీ తనవైపు లాక్కుంది. "కానీ బహుమతి అనే రాయించు. అందరికీ చెప్పుకున్నాను, తలెత్తుకోలేను. లేదంటే సంతకం పెట్టను."

గోడ గడియారంలో మూడుంపావు. మేస్త్రి లేచి నిలబడ్డాడు. అక్క కంటే ముందు లేవడం అతని జీవితంలో అదే మొదలు.

"పెట్టకు. ఇల్లు పోతే పోనీ. ఇరవై ఏళ్ళు పరాయి నేలల మీద మోకాళ్ళరగదీశాను, ఇంకో ఇరవై అరగదీస్తాను. మా నాన్న ఇచ్చింది నువ్విచ్చావని మాత్రం రాయను."

తలుపు దాకా వెళ్ళాడు. ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూస్తాడని అక్క ఎదురుచూసింది. చూడలేదు.

"ఒరేయ్, ఆగు!"

సంతకం పెట్టింది. కలం ఎంత నొక్కిందంటే, ఆ సంతకం అడుగునున్న మూడు కాగితాల్లోకీ దిగింది.

"సొమ్ము ఎవరి నుంచి అని రాయమంటారు?" అడిగింది ఆ అమ్మాయి.

"మా నాన్న నుంచి," అన్నాడు మేస్త్రి, బల్ల దగ్గరికి తిరిగి వచ్చి.

బయటికి వచ్చారు. బస్సు ఆగేచోట అక్క నిలబడి అడిగింది, "మీ ఇంటికి నేను రావచ్చా?"

"రా. తలుపు కొట్టి రా."

అతను నడక సాగించాడు. ఇల్లొచ్చిందని భార్యకు చెప్పాలి. గంతులెయ్యాల్సిన కాళ్ళు ఈడ్చుకుపోతున్నాయి. తండ్రి ముఖం గుర్తుచేసుకోబోయాడు. మీసం ఉండేదా? నవ్వితే ఎలా ఉండేవాడు? ఏమీ రాలేదు. చెప్పగలిగిన మనిషి ప్రపంచంలో ఒక్కతే ఉంది. వెనక్కి తిరిగితే పాతికడుగుల దూరంలో, సంచీ పట్టుకుని, ఇంకా ఇటే చూస్తూ నిలబడి ఉంటుంది.

అడగడానికి అతనికి నోరు రాలేదు. బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది.